పర్యావరణ శాస్త్రం – సమస్యల పరిష్కార మార్గాలు
(ఫ్లోరైడు నీటి ఉదాహరణతో ఒక పరిశీలన)

ఆరో తరగతి నుండి డిగ్రీ వరకు మనం పర్యావరణం గురించి ఏదో ఒక పాఠం చదువుతూనే ఉన్నాం. పరీక్షలో ప్రశ్న వస్తే "చెట్లు నాటాలి, ప్లాస్టిక్ వాడరాదు, నీటిని పొదుపు చేయాలి" అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. అవన్నీ మంచి మాటలే. కానీ ఒక ఊరిలో బోరు నీళ్ళు తాగి పిల్లల పళ్ళు గారపడుతున్నాయనుకోండి. అక్కడ చెట్టు నాటితే సమస్య తీరుతుందా? చట్టం చేస్తే తీరుతుందా? యంత్రం పెడితే తీరుతుందా? ధర్నా చేస్తే తీరుతుందా? ఇంజనీరు ఒక మాట చెబుతాడు, వకీలు మరో మాట చెబుతాడు, ఊరి పెద్ద ఇంకో మాట చెబుతాడు. వీరిలో ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి మనకు ఒక ఆధారం కావాలి. ఆ ఆధారమే పర్యావరణ శాస్త్రం.

ఈ వ్యాసంలో మన ప్రాంతానికి బాగా తెలిసిన ఫ్లోరైడు సమస్యను తీసుకుని, శాస్త్రానికీ వివిధ పరిష్కార మార్గాలకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిద్దాం. పోటీ పరీక్షలకు తయారయ్యే అన్నలకు, అక్కలకు కూడా ఇది ఉపయోగపడుతుందని ఆశ.

పర్యావరణ శాస్త్రం అంటే ఏమిటి?

భౌతిక, రసాయన, జీవ, భూగర్భ శాస్త్రాలను కలిపి, మనిషికీ పరిసరాలకూ మధ్య జరిగే మార్పులను అధ్యయనం చేసేదే పర్యావరణ శాస్త్రం. ఇది ముఖ్యంగా నాలుగు ప్రశ్నలకు జవాబు వెతుకుతుంది.

1. ఏం జరుగుతోంది? (పరిశీలన, కొలత)
2. ఎందుకు జరుగుతోంది? (కారణం)
3. ఇలాగే సాగితే ఏమవుతుంది? (అంచనా)
4. ఫలానా పని చేస్తే ఎంత మార్పు వస్తుంది? (పరిష్కారం పరీక్ష)

అయితే ఐదో ప్రశ్న ఒకటి ఉంది. "ఎవరు చేయాలి? ఖర్చు ఎవరు భరించాలి? ముందు ఎవరికి అందాలి?" దీనికి ప్రయోగశాలలో జవాబు దొరకదు. ఇది న్యాయానికి, ప్రజల నిర్ణయానికి సంబంధించిన ప్రశ్న. శాస్త్రం ఎక్కడ ఆగుతుందో, మిగతా మార్గాలు ఎక్కడ మొదలవుతాయో ఈ తేడాను బట్టే తెలుస్తుంది.

శాస్త్రం చెప్పిన సంగతి

మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి మొదటిసారిగా వైద్య పత్రికలో రాసింది 1937లో. అది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాల పరిశీలన. నడుములు వంగిపోవడం, కీళ్ళు బిగుసుకుపోవడం అంతకు ముందు నుంచీ ఉన్నదే. దానిని కర్మ అని, శాపం అని అనుకున్నవారున్నారు. నీటిలోని ఫ్లోరైడే కారణమని చూపింది శాస్త్రం. శాపమైతే చేయగలిగింది లేదు. నీళ్ళయితే మార్చుకోవచ్చు. కారణం తెలియడంతోనే పరిష్కారానికి తలుపు తెరుచుకుంది.

ఫ్లోరైడు ఎక్కడి నుండి వస్తుంది? నల్గొండ వంటి ప్రాంతాల్లో భూమి కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులో ఫ్లోరైటు, బయోటైటు, ఎపటైటు వంటి ఖనిజాలు ఉంటాయి. వాన నీరు భూమిలోకి ఇంకి ఆ రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవ ఉంటే ఖనిజాల్లోని ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువగా ఉండి బైకార్బొనేటు ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు నీటిలోనే ఉండిపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోర్లు లోతు అయిన చోట సమస్య ముదరడానికి ఇదే కారణం.

ఎంత ఉంటే ప్రమాదం? ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను పరిమితిగా సూచించింది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. ఒక చిన్న లెక్క వేద్దాం. బోరు నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందనుకుంటే, రోజుకు 2 లీటర్లు తాగే పిల్లవాడి ఒంట్లోకి 8 మిల్లీగ్రాములు చేరుతుంది. అన్నం, పప్పు వండిన నీళ్ళు దీనికి అదనం.

ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. నీళ్ళు మరగబెడితే పోదు. పైగా నీరు ఆవిరై తగ్గిపోతుంది కాబట్టి మిగిలిన నీటిలో దాని పాళ్ళు పెరుగుతాయి. మామూలు ఇసుక ఫిల్టరులో వడపోస్తే కూడా పోదు. చిగురులోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు ఈ నీళ్ళు తాగిన పిల్లల పంటి పింగాణీ దెబ్బతిని మచ్చలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు పాడవుతాయి. దెబ్బతిన్న ఎముక తిరిగి మామూలు కాదు. అందుకే ఈ జబ్బులో చికిత్స కంటే నివారణే ముఖ్యం.

ఇక పరిష్కార మార్గాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

1. సాంకేతిక మార్గం

ఇది శాస్త్రానికి అన్నిటికంటే దగ్గరి మార్గం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని పేరు. మన జిల్లా పేరుతో ఒక పద్ధతి ఇతర దేశాల పుస్తకాల్లోకి ఎక్కింది. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక తగిన మోతాదులో కలుపుతారు. మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా కలియబెడతారు. పటిక నుండి ఏర్పడే అల్యూమినియం పదార్థం మడ్డిలా ముద్దకట్టి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని వడపోసి తాగవచ్చు. బ్లీచింగ్ పౌడరు సూక్ష్మజీవులను చంపుతుంది. దీనికి కరెంటు కూడా తప్పనిసరి కాదు. ఇంట్లో బకెట్టులో కూడా చేసుకోవచ్చు.

మరి ఇంత తేలికైన పద్ధతి ఉండగా సమస్య ఎందుకు తీరలేదు? పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి మారుతుంది. ప్రతిరోజూ కొలిచి కలపాలి. తక్కువైతే ఫ్లోరైడు పోదు, ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో చిక్కు. కూలికి పోయి పొద్దుగూకి ఇంటికి వచ్చే తల్లి రోజూ ఈ పని చేయగలదా? ఆ ప్రశ్న రసాయన శాస్త్ర పుస్తకంలో ఉండదు.

తరువాత వచ్చిన ఆర్.ఓ. యంత్రాలు ఫ్లోరైడును బాగానే తీసేస్తాయి. కానీ కొంత నీరు లవణాలు చిక్కబడి వ్యర్థంగా బయటికి వస్తుంది. దానిని పక్కన గుంటలో వదిలితే ఫ్లోరైడు మళ్ళీ భూమిలోకే పోతుంది. దీనివల్ల సమస్య తీరదు, చోటు మాత్రమే మారుతుంది. ఏ పరిష్కారాన్ని చూసినా "తీసేసినది ఎక్కడికి పోతోంది?" అని అడగడం పర్యావరణ శాస్త్రం మనకు నేర్పే మొదటి అలవాటు.

ఇక్కడ మరో పాఠం కూడా ఉంది. ఒకప్పుడు దిగుడు బావుల నీళ్ళు తాగి జనం నారికురుపు వ్యాధితో బాధపడేవారు. వాటిని మూసి చేతి పంపులు వేయడం ఆ వ్యాధిని తరిమిన పనుల్లో ముఖ్యమైనది. 2000 సంవత్సరంలో మన దేశం నారికురుపు నుండి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది. అది గొప్ప విజయం. కానీ గ్రానైటు నేలల్లో అవే బోర్లు ఫ్లోరైడును పైకి తెచ్చాయి. బంగ్లాదేశ్‌లో అతిసారం నుండి కాపాడటానికి వేసిన గొట్టపు బావుల్లో 1990లలో ఆర్సెనిక్ బయటపడింది. ఒక సమస్యకు వేసిన మందు మరో సమస్యను తేవచ్చు. కాబట్టి పరిష్కారం అమలైన తరువాత కూడా కొలతలు ఆపరాదు.

2. ప్రత్యామ్నాయ వనరుల మార్గం

చెడిన నీటిని బాగుచేయడం ఒక ఆలోచన అయితే, మంచి నీటిని తీసుకురావడం మరో ఆలోచన. నది నీటిలో, వాన నీటిలో సాధారణంగా ఫ్లోరైడు తక్కువ. కృష్ణా జలాలను నల్గొండ పల్లెలకు పైపుల ద్వారా తెచ్చే పథకాలు దశలవారీగా వచ్చాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఇంటింటికీ నది నీరు ఇవ్వడం లక్ష్యంగా పెట్టుకుంది. పెద్ద ప్రాంతంలో అందరికీ ఒకేసారి మేలు చేసే మార్గం ఇది. కానీ పైపు పగిలినా, మోటారు కాలినా, ఎండాకాలం నీరు రాకపోయినా జనం మళ్ళీ పాత బోరు దగ్గరికే పోతారు. అందుకే పాత బోర్ల మీద "తాగరాదు" అనే గుర్తు చెరిగిపోకుండా చూడాలి.

వాన నీటి సంగతి చూద్దాం. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే 70,000 లీటర్లు అవుతుంది. అందులో 80 శాతం పట్టుకోగలిగితే 56,000 లీటర్లు. 100 మంది ఉన్న హాస్టల్‌లో ఒక్కొక్కరికి తాగడానికి రోజుకు 3 లీటర్ల చొప్పున లెక్క వేస్తే సుమారు 186 రోజులు సరిపోతుంది. లేదా లీటరుకు 4 మిల్లీగ్రాములున్న ఒక బిందె బోరు నీటిలో నాలుగు బిందెల వాన నీరు కలిపితే ఫ్లోరైడు 0.8కి దిగుతుంది. ఇది ఏడో తరగతి లెక్కే. అయితే కప్పు శుభ్రంగా ఉండాలి, మొదటి వాన నీటిని వదిలేయాలి, తొట్టికి మూత ఉండాలి.

3. ఆరోగ్య, ఆహార మార్గం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడు ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి పనిచేశారు. కాల్షియం, సి విటమిన్ తగినంత ఉన్న ఆహారం తినేవారిలో హాని కొంత తగ్గుతుంది. చింతపండు తీసుకున్నవారి మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతున్నట్లు ఆ సంస్థ పరిశోధనలో తేలింది. అంటే అదే నీళ్ళు తాగే ఇద్దరిలో పాలు, ఆకుకూరలు దొరికేవాడి కంటే గంజి తాగేవాడు ఎక్కువ దెబ్బతింటాడు. పేదరికం కూడా ఈ జబ్బుకు ఒక కారణమే అన్నమాట. అయితే ఇది తోడ్పాటు మాత్రమే. చింతపండు తింటున్నాం కదా అని ఫ్లోరైడు నీళ్ళు తాగరాదు.

4. చట్టం, న్యాయస్థానాల మార్గం

1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 48-ఎ, 51-ఎ(జి) అధికరణలు చేరాయి. మొదటిది పర్యావరణ రక్షణను ప్రభుత్వ బాధ్యతగా, రెండవది పౌరుల విధిగా చెబుతుంది. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం, 1981లో గాలి చట్టం, భోపాల్ దుర్ఘటన (1984) తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. కాలుష్యం లేని నీరు, గాలి పొందడం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో "వాల్టా" చట్టం వచ్చి బోర్ల తవ్వకాన్ని నియంత్రణ కిందికి తెచ్చింది.

శాస్త్రానికీ చట్టానికీ ఉన్న సంబంధం తెలియాలంటే హైదరాబాద్ జంట జలాశయాల కేసు చదవాలి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో జీ.ఓ. 111 వచ్చింది. (ఆ ఆంక్షలను సడలిస్తూ 2022లో మరో ఉత్తర్వు వచ్చింది.) ఆ పరిధిలో ఒక నూనెల కర్మాగారం పెట్టవచ్చునా లేదా అని వివాదం నడిచింది. నిపుణుల అభిప్రాయాలు ఒకదానితో ఒకటి కలవలేదు. 1999లో సుప్రీంకోర్టు "ముందు జాగ్రత్త సూత్రాన్ని" వివరించింది. హాని జరుగుతుందని జనం నిరూపించడం కాదు, హాని జరగదని కర్మాగారం పెట్టేవారే నిరూపించాలన్నది దాని సారాంశం. ఇటువంటి కేసుల్లో న్యాయమూర్తులకు శాస్త్రజ్ఞుల తోడు అవసరమని కూడా కోర్టు అన్నది. 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో న్యాయ సభ్యులతో పాటు నిపుణ సభ్యులు కూర్చోవడం ఈ ఆలోచన ఫలితమే.

కానీ చట్టానికి ఒక పరిమితి ఉంది. కర్మాగారం వదిలిన విషానికి దోషి దొరుకుతాడు. రాయిలో పుట్టిన ఫ్లోరైడుకు దోషి ఎవరు? ఇక్కడ చట్టం శిక్షించడానికి కాక, మంచినీరు ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని గుర్తు చేయడానికి ఉపయోగపడుతుంది.

5. ఆర్థిక మార్గం

పాడుచేసినవాడే ఖర్చు భరించాలనేది దీని మూలసూత్రం. దీనిని 1996 నాటి తీర్పుల్లో సుప్రీంకోర్టు ఆమోదించింది. 2002లో ఐర్లండ్ దేశం ప్లాస్టిక్ సంచి మీద 15 సెంట్ల పన్ను వేయగానే వాడకం 90 శాతానికి పైగా తగ్గిపోయింది. అక్కడ మార్పు తెచ్చింది ధర. అయితే తాగునీటి విషయంలో ధరను నమ్ముకుంటే పేదవాడు నష్టపోతాడు. డబ్బున్నవాడు క్యాను కొనుక్కుంటాడు, లేనివాడు బోరు కొట్టుకుంటాడు. ఒకే ఊళ్ళో ఒక పిల్లవాడి పళ్ళు తెల్లగా, మరో పిల్లవాడి పళ్ళు మచ్చలతో ఉండటానికి అదే కారణమవుతుంది.

6. ప్రజల భాగస్వామ్యం, ఉద్యమ మార్గం

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. జలసాధన సమితి నాయకత్వంలో ఫ్లోరైడు బాధను దేశం దృష్టికి తీసుకుపోవడానికి జనం ఎంచుకున్న మార్గం అది. శాస్త్రవేత్తల నివేదికలు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. ఆ నివేదికల్లోని బాధను దేశమంతా చూసేటట్లు చేసింది ప్రజలు.

మరో రకం భాగస్వామ్యం రైతులది. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో నల్గొండ, మహబూబ్‌నగర్, ప్రకాశం, అనంతపురం మొదలైన ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్కలు రాసే కార్యక్రమం నడిచింది. వానను వారే కొలిచారు, బోర్లలో నీటిమట్టం వారే కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క కళ్ళముందు ఉండటంతో ఎంతోమంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు మళ్ళారు. శాస్త్రం ప్రజల చేతికి వస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

శాస్త్రం తేల్చలేని చోట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఎన్నో కుటుంబాలను కూల్చింది. నీటిని, మట్టిని, ఆహారాన్ని పరీక్షించారు. ఫలానాదే కారణం అని ఖాయంగా ఇంకా తేలలేదు. తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? 2023లో వంశధార నీటిని హిరమండలం నుండి ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం వెతకడం ఒకవైపు, మంచినీరు, వైద్యం ఇవ్వడం మరోవైపు సాగాలి. పూర్తిగా తెలియదు అనే మాట ఏమీ చేయకపోవడానికి సాకు కారాదు.

శాస్త్రంతో పాటు న్యాయం

1927 మార్చి 20న డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ మహాద్‌లోని చౌదార్ చెరువు నీటిని తాగి, వేలమంది చేత తాగించారు. ఆ చెరువు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆ నీటిని ఎవరు ముట్టుకోవచ్చునన్నదే ప్రశ్న. నేటికీ పల్లెలో మంచినీటి పైపు ఊరిలో మొదలై వాడలో ముగుస్తుంది. చివరి కుళాయికి నీరు చేరిందా లేదా అని చూడకుండా సగటు లెక్కలు వేస్తే వాడ కనబడదు. నీళ్ళు మంచివా కావా అన్నది శాస్త్రం చెబుతుంది. అవి అందరికీ అందాయా అని అడగవలసింది మనం. చదువుకున్న వాడబిడ్డకు ఈ రెండూ తెలిసి ఉండాలి.

మనం చేయగలిగినవి

• సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి బోర్ల జాబితా రాయండి. లోతు, తాగే కుటుంబాల సంఖ్య, ఎండాకాలంలో పరిస్థితి నోట్‌బుక్‌లో ఎక్కించండి.
• ఫ్లోరైడు పరీక్ష కిట్టు గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి వద్ద ఉంటుంది. జిర్కోనియం–అలిజరిన్ ద్రావణం కలిపితే ఫ్లోరైడు పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపు వైపు మారుతుంది. కిట్టుతో అనుమానం వచ్చిన నీటిని ప్రయోగశాలకు పంపించాలి.
• పరీక్ష ఫలితం ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. తెల్లకాగితం చాలు.
• మన హాస్టల్ తాగునీటిని ఎండాకాలం ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్ష చేయించమని వార్డెన్ గారిని కోరుదాం. ఫలితాన్ని నోటీసు బోర్డులో పెడదాం.
• చిన్న తరగతుల తమ్ముళ్ళకు ముందుగా మంచినీరు అందేటట్లు చూద్దాం. వారి పళ్ళు, ఎముకలు ఇంకా తయారవుతున్నాయి.

ముగింపు

ఏ ఒక్క మార్గమూ ఒంటరిగా సమస్యను తీర్చలేదు. యంత్రం పెడితే నడిపే మనిషి కావాలి. చట్టం చేస్తే కొలిచే ప్రమాణం కావాలి. ఉద్యమానికి నిజమైన లెక్క కావాలి. ఆ లెక్కను కదిలించడానికి మళ్ళీ ఉద్యమమే కావాలి. ఈ మార్గాలన్నిటికీ కొలత ఇచ్చేది, తప్పు జరిగితే పట్టి చూపేది పర్యావరణ శాస్త్రం. మనలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు వకీళ్ళు, టీచర్లు, నర్సులు, సర్పంచులవుతారు. ఏ పనిలో ఉన్నా "ఈ నీళ్ళు పరీక్ష చేయించారా? చివరి ఇంటికి చేరాయా?" అనే రెండు ప్రశ్నలు అడగడం మరువకుందాం.

తిరిగి చదువుకునేవారికి ప్రశ్నలు

1. నీటిలో కాల్షియం తగ్గితే ఫ్లోరైడు ఎందుకు పెరుగుతుంది?
2. నల్గొండ టెక్నిక్‌లో వాడే మూడు పదార్థాలు, వాటి పని రాయండి.
3. ముందు జాగ్రత్త సూత్రం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
4. మీ ఊరి నీటి సమస్య ఒకటి తీసుకుని, పై ఆరు మార్గాల్లో ఏవి పనికివస్తాయో, ఏవి పనికిరావో కారణాలతో రాయండి.